నిచ్చెన తియ్యకక్కా

ఏసురత్నం ఎర్ర అద్దాన్ని నోటి ఆవిరితో తడిపి, భుజం మీది గుడ్డతో తుడిచి, వెలుగుకేసి ఎత్తి చూశాడు. మరక పోలేదు. మళ్లీ తుడిచాడు. సికింద్రాబాదు స్టేషను చివర, పట్టాల పక్కనున్న ఆ ఇరుకు గదిని అందరూ బత్తీల కొట్టు అంటారు. సిగ్నలు స్తంభాల మీది కిరసనాయిలు దీపాలను పొద్దున దించుకురావడం, మసి తుడవడం, వత్తి కత్తిరించడం, నూనె పోయడం, పొద్దుగూకే వేళకు మళ్లీ నిచ్చెనలెక్కి పెట్టిరావడం, ఇదే అతని నౌకరీ. మీసాలు రాకముందు చేరాడు. ఇప్పుడా మీసాలు నెరిశాయి. పొట్టి మనిషి, బక్కపలచన. వేళ్ల సందుల్లో మసి ఎంత సబ్బు రుద్దినా పోదు. ఆదివారం చర్చిలో పక్కవాళ్లకు కీర్తనతో పాటు కిరసనాయిలు వాసన కూడా అందుతుంది. ఎవరూ ఏమీ అనుకోరు. అసలు అతను వచ్చాడో రాలేదో చూసేవాళ్లే తక్కువ.

ఆ పొద్దున ఎడమ రొమ్ము కింద ఏదో పట్టేసినట్టుంది. వాయువే అనుకుని చిటికెడు వాము నోట్లో వేసుకున్నాడు. అంతకన్నా పెద్ద నొప్పిని మోసుకుని అప్పుడే సోమయ్య వచ్చాడు. సోమయ్య పట్టాలు మార్చే పాయింట్ల దగ్గర పనివాడు, చిలకలగూడలో ఉంటాడు.

"రత్నమన్నా, బుచ్చమ్మ ఇంటి ఎనక గోడ వానకు గూలింది."

ఏసురత్నం చేతిలోని అద్దాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.

ఆ ఇంటికి అతను ఎండాకాలంలోనే బయానా ఇచ్చాడు. నెలాఖరుకు నౌకరీ అయిపోతుంది, నౌకరీతో పాటు రైల్వే క్వార్టరూ పోతుంది. భార్య రోసమ్మ కాపురానికి వచ్చిన నాటినుంచీ ఆ ఒక్క గదిలోనే ఉంది. పిల్లలు లేరు. గోడకు మేకు కొట్టాలన్నా పైవాళ్లను అడగాలి. "మన గోడకు మన మేకు" అన్నదొక్కటే ఆమె జన్మలో కోరిన కోరిక. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు కొని చూడు అనడం మరిచిపోయారు. బయానా ఇచ్చాక రాజ్యంలో రజాకార్ల గోల ముదిరి రిజిస్ట్రీ గుమాస్తా ఊరు విడిచి పోయాడు. తర్వాత పోలీసు చర్య వచ్చింది. యూనియన్ సైన్యం దిగింది, కచేరీలకు తాళాలు పడ్డాయి. ఇప్పుడిప్పుడే తాళాలు తీస్తున్నారనగా ఈ వాన.

"ఏం పరేషాన్ గాకన్నా" అన్నాడు సోమయ్య. "ఇంక రిజిస్ట్రీ గాలే గద? నీ బయానా వాపస్ అడుగు. లేదంటే ధర తగ్గియ్యమను. అదీ గాదంటే గోడ లేపినంకనే సంతకం అను. కూలిన ఇంటికి నిలిచిన ఇంటి ధర ఎవడిస్తడు?"

"అడగాలె" అన్నాడు ఏసురత్నం. ఆ ఒక్క పనే అతనికి చాతకాదు.

మధ్యాహ్నం పని కాగానే చిలకలగూడ నడిచాడు. అడగవలసిన మాటలు దారంతా కూడబలుక్కున్నాడు. ఆగి రెండు మూడుసార్లు ఊపిరి పీల్చుకోవలసి వచ్చింది.

బుచ్చమ్మ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. భర్త పోయిన మనిషి; ఇల్లమ్మి జనగామలో చెల్లెలి దగ్గరికి పోదామనుకుంది. ముందు గదిలో ఎక్కడ చూసినా కుండలూ గిన్నెలూ, వాటిలో వాన నీళ్లు. వెనక గది గోడ మట్టికుప్పై పడి ఉంది.

అతను నోరు తెరవకముందే ఆమె కొంగు ముడి విప్పింది. "ఇగో తమ్మీ, నీ బయానా. ముట్టలే. కూలిన ఇల్లు అంటగట్టింది ముసల్దని అనిపించుకోను."

అడగదలచుకున్నది అడగకుండానే చేతికి వచ్చింది. అతను తలెత్తి కప్పుకేసి చూశాడు.

"ఈ యేడు గూన సర్దియ్యలేదా అక్కా?" అన్నాడు.

చిలకలగూడలో ఏ ఇంటివాళ్లైనా వానలకు ముందు పైకెక్కి గూన పెంకులు సర్దించుకుంటారు. లేకపోతే నీళ్లు గోడలోకి దిగుతాయి, మట్టిగోడ బెల్లంలా కరుగుతుంది.

"నేనెట్ల సర్దిస్త?" అంది బుచ్చమ్మ. "బయానా పట్టిన ఇల్లు అమ్మిన బర్రె లెక్క. దాని మీద చెయ్యెయ్యద్దు. నువ్వే మనుషుల్ని ఎక్కిస్తవనుకున్న."

"రిజిస్ట్రీ గాకముందే ఒకరి ఇంటి మీదికి ఎట్లెక్కుత? నువ్వే సర్దిస్తవనుకున్న."

"మొన్న వచ్చినప్పుడు ఈ కుండలు చూసినవు గద?"

"చూసిన. చెప్తె ధర తగ్గించనీకి సాకులు వెడుతున్నడనుకుంటవని ఊకున్న."

"నేను సుత చెప్పకపోతి. మాట తప్పనీకి వంకలు చూస్తున్నదనుకుంటవని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు బుచ్చమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లొత్తుకుంది. రజాకార్ల గోల వచ్చిపోయింది, సైన్యం బండ్లు వీధులు అదిరేలా తిరుమలగిరి వైపు పోయాయి, ఆ ఇంటి పెంకు ఒక్కటి కదలలేదు. ఇద్దరు మంచివాళ్ల మొహమాటం మాత్రం గోడను పడగొట్టింది. చెడ్డవాళ్లయి ఉంటే పోట్లాడుకుని వానలకు ముందే కప్పు బాగుచేయించుకునేవాళ్లు.

ఏసురత్నం బయానా మళ్లీ ఆమె కొంగులోనే పెట్టాడు. "ఉండనీ అక్కా. గోడ వడ్డది, ఇల్లు వడలే. పడ్డదాన్ని ఎండలు రాంగనే సగం సగం వేసుకుని లేపుదాం. నిలిచిన గోడ తడవకుండ జెర ముందు గది సర్దుత. నిచ్చెన ఉన్నదా?"

"ఉన్నది, మీ బావ జేసింది. నీకెందుకు తమ్మీ, మనిషిని పిలుద్దాం."

"నా బతుకంత నిచ్చెన మీదనే గద" అని అతను నవ్వాడు. కప్పు మీద కూర్చుని పగిలిన గూన తీసి, మంచివాటిని ఒకదాని అంచు ఒకటి కప్పేలా పేర్చాడు. కొన్న ఇంటిని అలా చేత్తో తాకడం అదే మొదలు. రోసమ్మ మేకు ఎక్కడ కొడుతుందో పైనుంచే ఊహించుకున్నాడు. అతనికి ఎంత సంతోషంగా ఉందంటే, రొమ్ములో నొప్పి ఎడమ చేతిలోకి దిగడం కూడా పట్టించుకోలేదు. చూరు దగ్గర కొంచెం మిగిలిందనగా పొద్దు వాలింది. దీపాల వేళ.

"రేపు పొద్దున్నే వస్త. నిచ్చెన తియ్యకక్కా" అని గబగబా స్టేషనుకు నడిచాడు.

దీపాలన్నీ పెట్టాడు. ఆఖరి స్తంభం మీద అద్దం తుడుద్దామని భుజం తడుముకుంటే గుడ్డ లేదు. చొక్కా అంచుతో తుడిచాడు. వత్తి సరిచేసి, దిగి, స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. సోమయ్య వచ్చి పిలిచినప్పుడు పలకలేదు. పైన దీపం వెలుగుతూనే ఉంది.

సమాధుల తోట నుంచి వచ్చాక రోసమ్మ సామాను మూట కట్టుకుంది గాని, మూట ఎత్తుకుని ఎక్కడికి పోవాలో తెలియలేదు. క్వార్టరు ఖాళీ చెయ్యమని కబురు వచ్చింది. గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

"పా మరదలా, ఇంటికి పోదాం" అంది బుచ్చమ్మ.

"ఏ ఇల్లు వదినా? రిజిస్ట్రీ గాలే. ఇగ కొననీకి మనిషే లేడు."

"కాయితం సంగతి కచేరీలున్నయి, చూసుకుంటయి. మీద గూన ఎవరు సర్దిన్రో ఆళ్లదే ఇల్లు. నేను జనగామ పోతలేను. ఇద్దరం ఉందాం."

సోమయ్య, స్టేషనువాళ్లు కలిసి వెనక గోడ లేపారు. చూరు దగ్గర మిగిలిన పెంకులూ పేర్చారు, కానీ వేరే నిచ్చెన తెచ్చుకుని ఎక్కారు. మట్టి ఆరాక రోసమ్మ తన గోడకు తన మేకు కొట్టింది. దానికేం తగిలించాలో తోచలేదు. ఆయన గుడ్డ తగిలించాలని ఉంది, కానీ అది తేవడానికి ఆమెకు చెయ్యి రాలేదు. బుచ్చమ్మా తియ్యలేదు. చూరుకు ఆనించిన నిచ్చెన పైమెట్టు మీద, ఆయన మరిచిపోయిన చోటనే, ఆ గుడ్డ వానకు తడుస్తూ ఎండకు ఆరుతూ ఉండిపోయింది.