గట్టు మీది గూబ, గడ్డిలోని సాలీడు

తక్వారెంబో ఊరికి పోయే దారిలో ఉన్న తన పొలంలో గుమ్మడి వేద్దామని బసీలియో గట్టు పక్కనున్న నేలచెక్క దున్నుతున్నాడు. అక్కడ నేలగూబల జంట ఒకటి బొరియలో పిల్లల్ని పెట్టింది. ట్రాక్టర్ దగ్గరపడగానే మగగూబ కీచుమంటూ వచ్చి అతని టోపీని తన్నింది. బసీలియో నవ్వుకుని, బొరియ చుట్టూ కాస్త నేల వదిలేసి ట్రాక్టర్ తిప్పుకున్నాడు.

మాతే ఆకుల తేనీరు కాచి తెచ్చిన చెల్లెలు ఎల్విరా ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడింది. భర్త పోయిన దగ్గర్నుంచీ ఆమె ఈ అన్న ఇంట్లోనే ఉంటోంది. మాట్లాడడం తక్కువ.

"ఇక్కడ ఇంకో ఇల్లుంది అన్నయ్యా. ఇదీ వదిలెయ్."

ఆమె గడ్డి పక్కకు తీసింది. బొటనవేలు దూరేంత కన్నం, అంచున తెల్లటి పట్టుపొర. లోపల బొచ్చుసాలీడు ముంగాళ్లు కనబడుతున్నాయి.

"దీనికోసమా? గూబయితే ఎలకల్ని తింటుంది."

"ఇది మిడతల్ని తింటుంది."

"పిల్లల కోసం గూబ నా నెత్తి మీదికొచ్చింది. ఇది కదిలిందా?"

"కదలదు. లోపలికి పోయి ముడుచుకుంటుంది, దానికి తెలిసింది అంతే. గూబ ఎగిరిపోయి ఇంకో బొరియ చూసుకుంటుంది. ఇది నేనొచ్చిన ఏడాది నుంచీ ఇందులోనే ఉంది. ఈ వయసులో ఎక్కడికి పోతుంది?"

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదు."

బసీలియో ఇంజన్ ఆపి చెల్లెలి మొహంలోకి చూశాడు. కొడుకు విల్మార్ పెళ్లి కుదిరింది కాబట్టి, ఆమె గది వాడికిచ్చి ఆమె ఉన్ని దాచే కొట్టంలోకి మారాలని మొన్న భోజనాల దగ్గర తనే అన్నాడు. అప్పుడు ఆమె తలూపింది.

"కొట్టంలోకి నేను పోను అన్నయ్యా," అంది ఎల్విరా. "చలికాలం నా మోకాళ్లు అక్కడ తట్టుకోవు. ఆ గది నాకుండనీ. కొట్టం బాగుచేసి విల్మార్‌కివ్వు."

బసీలియో మాతే అందుకుని గొట్టంతో పీల్చాడు.

"ఆ రోజే అనొచ్చు కదే."

"నోరు రాలేదు."

"గూబలా నా నెత్తిన ఒక్కటి తన్నాల్సింది."

"ఈసారి తంతాలే."

చెక్కలో రెండుచోట్ల గడ్డి అలాగే మిగిలింది. గది దక్కలేదని విల్మార్ కొన్నాళ్లు మొహం మాడ్చుకున్నాడు. కొట్టం చూడ్డానికొచ్చిన పెళ్లికూతురు మాత్రం, మామగారి గురక ఇంతదూరం వినబడదని సంబరపడింది.