వరుసలో చివరి చోటు

బకెట్లో గుడ్డ పిండి, మోకాళ్ళ మీద వంగి ఆమె కరాటే హాలు నేల తుడుస్తోంది. సాయంత్రం క్లాసుకి ముందు రోజూ ఉండే పనే. పిల్లలు అప్పటికే వరుసగా కూర్చున్నారు. అటు చివర మాస్టారు, అంటే ఆమె భర్త, కొత్త పిల్లల తల్లిదండ్రులకి ఉపన్యాసం దంచుతున్నాడు.

"మా దగ్గర ముందే కొట్టడం నేర్పం. వినయం, నిగ్రహం, ఆ తర్వాతే మిగతావి. ఈ విద్య పుట్టిన జపాన్లో శిష్యులే నేల తుడుస్తారు. అదీ సాధనే."

"మరి ఇక్కడెవరు తుడుస్తారండీ?" అంది ఒక తల్లి అమాయకంగా.

"ఆంటీ!" అని అరిచింది వరుసలోంచి ఒక పిల్ల.

మాస్టారు తడబడలేదు. "ఆవిడ కరాటే అదేలెండి," అన్నాడు. అందరూ నవ్వారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. మండుతూనే చెయ్యి మళ్ళీ తుడుస్తోంది, అది చూస్తే ఇంకా మండింది. పెళ్ళికి ముందు ఇద్దరూ ఒకే గురువు దగ్గర పక్కపక్కన నిలబడి నేర్చుకున్నవాళ్ళే. ఆమె కాలు లేచిందంటే ఆయన భుజం దాటేది. నల్ల బెల్టుకి ఒక్క పరీక్ష మిగిలింది. "ఒకింట్లో ఇద్దరు మాస్టార్లు దేనికి? వచ్చే ఏడు చూద్దాంలే," అన్నాడు పెళ్ళయ్యాక ఆయన. ఆ వచ్చే ఏడు రానేలేదు. అత్తగారు బుగ్గలు నొక్కుకుంది: "ఆ గంతులేంటమ్మాయ్, ఆడదానివా, గుర్రానివా?" విసిగి ఎప్పుడైనా గొంతు పెంచితే ఆయన దగ్గర మాట సిద్ధం. "ఇన్నేళ్ళు నేర్చుకున్నావు, నిగ్రహం ఏదే?" దాంతో ఆమె నోటికి తాళం.

పాత గురువు చెప్పింది అది కాదు. ఆయన శిష్యులతో పాటు తానూ వంగి నేల తుడుస్తూ చెప్పేవాడు. "కొట్టగలిగీ కొట్టకపోతే నిగ్రహం. కట్టేస్తే పడి ఉండటం నిగ్రహం కాదమ్మా." ఇన్నాళ్ళూ తను పడి ఉంది. దానికి ఈయన ఆ మంచి పేరు పెట్టాడు.

ఆమె లేచింది. మూలన చుట్టిపెట్టిన చాపలకి నల్లదానికి ఒక్క మెట్టు కిందిదైన గోధుమరంగు బెల్టు కట్టి ఉంది. ఆమెదే. తాడు దొరకలేదని ఆయనే కట్టాడు. అప్పుడు అడిగితే "ఊరికే పడుంది కదా" అన్నాడు. ముడి బిగుసుకుపోయింది. పళ్ళతో లాగి విప్పింది. చాపలు దభీమని విచ్చుకున్నాయి. తడిసిన బట్టల మీదే బెల్టు కట్టుకుని, కొత్త పిల్లల పక్కన, వరుసలో చివర మోకాళ్ళ మీద కూర్చుంది.

మాస్టారు మొహాన నవ్వు చెరగనివ్వకుండా వచ్చి, గొంతు తగ్గించాడు. "ఏంటీ వేషాలు? లే. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"వరుసలో మాట్లాడకూడదు కదా, మాస్టారూ."

ఆయన్ని ఆమె అలా పిలవడం అదే మొదలు. పక్కన పిల్ల కిసుక్కుమంది.

ఆ హాలుకి ఒక నియమం ఉంది. శిష్యుడు ఎంత చిన్నవాడైనా వంగి నమస్కరిస్తే గురువు తిరిగి వంగాలి. అది అయ్యాకే క్లాసు.

ఆమె నుదురు నేలకి ఆనేలా వంగింది. తల ఎత్తి ఆయన కళ్ళలోకి చూసింది. పిల్లలు, పెద్దలు, అందరూ ఆయన నడుము వైపే చూస్తున్నారు.

ఆయన వంగేదాకా క్లాసు మొదలవదు. వంగినా, వంగకపోయినా ఆమె అక్కణ్ణుంచి లేవదు.