పొడుగు మెడల వసపిట్టలు

ఆ ఆదివారం ఇదలీనా లేవగానే చేసిన మొదటి పని కిటికీ తెరవడం. ఎదురుగా కొండ లేదు. కొండ మీద ఉండాల్సిన పేనా రాజభవనం లేదు, పక్క శిఖరం మీద పాతకాలపు అరబ్బులు, మూర్లు, కట్టిన కోటా లేదు. ఎటు చూసినా మీగడలా పేరుకున్న మంచే. సింత్రాలో పుట్టి పెరిగిన మనిషికి మంచు కొత్త కాదు. మే నెలయినా ఆగస్టయినా, సముద్రం మీంచి వచ్చి కొండ నెత్తిన కూర్చుందంటే లేవడం, లేవకపోవడం దాని ఇష్టం. ఈ ఒక్కరోజు మాత్రం రాకుండా ఉంటే బాగుండునని ఆమె వారం రోజులుగా కోరుకుంటోంది.

తొమ్మిదిన్నర రైలుకు దోన ఎర్మీనియా, అంటే ఎర్మీనియాగారు, వస్తోంది. ఇదలీనా కూతురు ఫిలిపాను చేసుకోబోయే తొమేకి ఆవిడ తల్లి. ఊరు పోర్తో. నిన్ననే లిస్బన్‌లో మేనకోడలి ఇంట్లో దిగింది. పెళ్ళి సెప్టెంబరులో అనుకున్నారు గాని ఎక్కడ చేయాలన్నది తేలలేదు. పోర్తోలోనే చేద్దామని ఎర్మీనియా అంటోంది. మీ ఊళ్ళో వేసవిలో కూడా గోడలు చెమ్మగానే ఉంటాయట కదా అని ఫోనులో రెండుసార్లు అడిగింది. పిల్లలిద్దరూ ఆ తగువులోకి దిగలేదు. మీరిద్దరూ ఒక రోజు కలిసి తిరిగి తేల్చుకోండి, ఏది తేలినా మాకు సరేనని తప్పుకున్నారు.

ఇదలీనా కోరిక పెద్దదేమీ కాదు. రాజుగారి పాత భవనం ముందున్న మెట్ల వీధిలో ఆమెకు మిఠాయి దుకాణం ఉంది. తాజా చీజు, గుడ్డు, దాల్చినచెక్క కలిపి కాల్చే చిన్న బిళ్ళలు, కెయిజాదలు, అక్కడ చేస్తారు. ఆరేసి బిళ్ళలను కాగితంలో గొట్టంలా చుట్టి అమ్ముతారు. దుకాణానికి నూరడుగుల దూరంలో సావు మర్తీన్యు చర్చి ఉంది. ఆ గుడిలో జరిగిన ప్రతి పెళ్ళికీ ముప్ఫై ఒక్కేళ్ళుగా కెయిజాదల పళ్ళేలు మోసుకెళ్ళింది ఇదలీనాయే. ఊరందరి పిల్లల పెళ్ళిళ్ళకూ మోసిన పళ్ళెం ఒక్కసారి తన పిల్ల పెళ్ళికి మోయాలని ఆమె ఆశ.

అందుకే ఫోనులో కాస్త ఎక్కువ మాట్లాడింది. మా ఊరి భవనాలు చూశాక మీరే కాదనలేరు, ప్రతి గదీ నాకు మా వంటింటిలాగే తెలుసు, దగ్గరుండి చూపిస్తాను అంది.

ఆమె ఆ గుమ్మాల్లో ఒక్కటి కూడా దాటలేదు.

ఇది విన్నవాళ్ళు నమ్మకపోవచ్చు గాని సింత్రావాళ్ళు నమ్ముతారు. ఆదివారం పొద్దున ఆ ఊరివాళ్ళకు లోపలికి వెళ్ళడానికి టిక్కెట్టు అక్కర్లేదు, చిరునామా ఉన్న కార్డు చూపిస్తే చాలు. ఎప్పుడైనా వెళ్ళొచ్చు గనక వచ్చే ఆదివారం వెళ్దాంలే అనుకుంటారు. పైగా దుకాణం కిటకిటలాడేదీ ఆదివారం పొద్దునే. అలా వచ్చే ఆదివారాలతోనే ఆమెకు అరవై రెండేళ్ళు నిండాయి. కాని దారి అడిగే యాత్రికులు ఊరుకోరు కదా. లోపల బాగుంటుందా అని అడుగుతారు. చూడలేదని చెప్పడానికి సిగ్గేసి మొదటిసారి బాగుంటుందంది. తర్వాత, చూసి వచ్చినవాళ్ళు చెప్పుకునేవి విని ఒక్కో ముక్కా చేర్చుకుంది. ఇప్పుడు ఏ గదిలో ఏ రాజు ఏం చేశాడో పొల్లుపోకుండా చెబుతుంది. ఏ గది ఎక్కడుందో మాత్రం తెలియదు.

"నిజం చెప్పేస్తే పోయేదేముంది?" అన్నాడు భర్త జసింతో, పిండి చేతులు తుడుచుకుంటూ.

"పెళ్ళి పోతుంది పోర్తోకి" అంది ఇదలీనా. దుకాణం ఆయనకు అప్పగించి, ఒక చుట్ట కెయిజాదలు సంచిలో వేసుకుని స్టేషనుకు నడిచింది.

ఎర్మీనియా పొట్టిగా, గట్టిగా ఉంది. ముదురు నీలం కోటు వేసుకుని, చేతిసంచిని పొట్టకు అదిమి పట్టుకుంది. రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టుకోవడం అయ్యాక మంచులోకి చూసి, కొండ ఎటువైపని అడిగింది. ఇదలీనా చెయ్యి చాపి చూపించింది. ఆవిడ అటే కాసేపు మర్యాదగా చూసింది.

"పోర్తోలో కొండలు కనబడతాయి" అంది.

"మా కొండ అందరికీ కనబడదు" అంది ఇదలీనా. మొదటి దెబ్బకు బదులు చెప్పగలిగానని లోపల కొంచెం ధైర్యం వచ్చింది.

ఊరి నడుమనున్న పాత భవనం గుమ్మంలో అదెలీను ఉన్నాడు. కార్డులు చూసేది అతనే. రోజూ పదింటికి ఇదలీనా దుకాణంలో కాఫీ తాగి వెళ్ళే మనిషి. ఆమెను చూడగానే కుర్చీలోంచి సగం లేచాడు. ఇదలీనా కళ్ళు పెద్దవి చేసింది. అతనికి సంగతి అర్థమైంది గాని నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఇదలీనా కార్డు, ఎర్మీనియాకు కొన్న టిక్కెట్టు తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"ఎప్పట్లాగే కదా, దోన ఇదలీనా" అన్నాడు.

"ఎప్పట్లాగే" అంది ఆమె. రేపటి నుంచి వీడి కాఫీలో చక్కెర ఉండదని మనసులో నిర్ణయించుకుంది.

మెట్లెక్కి మొదటి పెద్ద హాల్లోకి వచ్చారు. చాలా పొడవైన గది. తలెత్తి చూస్తే కప్పు నిండా గళ్ళు గీసి, గడికొకటి చొప్పున పక్షుల బొమ్మలు వేశారు. ఇదలీనా గుండె కుదుటపడింది. పక్షుల గది కథ ఆమెకు బాగా తెలుసు. వెంటనే అందుకుంది. ఒకప్పటి రాజు రాణి చెలికత్తెను చాటుగా ముద్దు పెట్టుకుంటూ దొరికిపోయాడట. మంచి మనసుతోనే పెట్టానన్నాడట. అయినా అంతఃపురంలో ఆడవాళ్ళు నోరు మూయకపోతే, వాళ్ళెందరున్నారో అన్ని మాగ్‌పైలను, ఆ నల్లతోక వసపిట్టలను, కప్పు నిండా గీయించి ఊరుకున్నాడట. మొత్తం నూట ముప్ఫై ఆరు, కావాలంటే లెక్కపెట్టుకోండి అంది.

ఎర్మీనియా తల వెనక్కి వాల్చి చాలాసేపు చూసింది. సంచి తెరిచి, మడతపెట్టిన కాగితమొకటి తీసి చూసుకుంది. మళ్ళీ కప్పు చూసింది. కాగితం లోపల పెట్టేసింది.

"మీ వసపిట్టలకి మెడలు బాగా పొడుగే" అంది.

ఇదలీనా అప్పుడు చూసింది. తెల్లటి ఒళ్ళు, వంపు తిరిగిన మెడ, ఆ మెడకు కంటెలా తొడిగిన బంగారు కిరీటం. పిల్లవాడినడిగినా హంసలని చెబుతాడు.

"రాజుగారి చిత్రకారులు కదా, కొంచెం గొప్పగా వేశారు" అంది ఇదలీనా. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని తనకే అనుమానం వచ్చింది.

రెండు గుమ్మాలు దాటి ఇంకొక చిన్న గదిలోకి అడుగుపెట్టారు. కప్పు నిండా తెల్లపొట్ట, నల్లతోక పిట్టలు, వందకు పైగా, ముక్కుకొక కాగితం చుట్ట కరుచుకుని వీళ్ళనే చూస్తున్నాయి. ఎర్మీనియా మళ్ళీ సంచి తెరిచింది, మళ్ళీ కాగితం చూసింది. ఈసారి ఏమీ అనలేదు. అంటే బాగుండునని ఇదలీనాకు అనిపించింది. ఆ కాగితంలో ఏముంటుందో ఆమె ఊహించుకుంది. చెమ్మ ఒకటి, మంచు రెండు, ఇప్పుడు హంసలు మూడు. పెళ్ళి సింత్రాలో ఎందుకు వద్దో ఆవిడ వరసగా రాసుకుంటోంది.

ఆ తర్వాతి గదుల్లో ఇదలీనా నోరు విప్పలేదు. ఎర్మీనియా ఏమైనా అడిగితే, మీకేమనిపిస్తోందని ఎదురు అడిగింది. చివరికి వంటశాలలోకి వచ్చారు.

సింత్రాలో ఎక్కడ నిలబడినా కనిపించేవి ఆ భవనం మీది రెండు పొగగొట్టాలు. తెల్లగా, బోర్లించిన గరాటుల్లా, ఊరికి గుర్తులా ఉంటాయి. ఇదలీనా దుకాణం కాగితాల మీద అచ్చేసిన బొమ్మ కూడా అదే. ఆ బొమ్మను ఆమె ఇప్పటికి లక్షసార్లు మడిచి ఉంటుంది. ఇప్పుడు వాటి కింద నిలబడి తలెత్తింది. తెల్లటి గోడలు పైకి పోయేకొద్దీ దగ్గరగా జరుగుతూ, జరుగుతూ, ఎక్కడో ఆకాశంలో అరచేతంత వెలుతురు దగ్గర కలుసుకున్నాయి. వంటశాలకు అసలు వేరే కప్పే లేదు. కప్పు మొత్తం పొగగొట్టమే. కింద వరసగా పొయ్యిలు, ఎద్దును నిలువునా కాల్చేంత ఇనపచువ్వలు. ఇంత మంట మండినా వంటవాడి కంట్లోకి పొగ వచ్చి ఉండదు. తన పొయ్యిగదిలో ముప్ఫై ఒక్కేళ్ళు కళ్ళు తుడుచుకున్న మనిషికి అది ఎంత గొప్ప సంగతో వేరే చెప్పాలా. ఆమె పక్కన ఎవరున్నారో మరిచిపోయింది.

"లోపల ఇలా ఉంటుందా" అంది పైకే.

ఎర్మీనియా కప్పు మీంచి చూపు దించి ఆమె వైపు తిరిగింది.

"మీరు ఎప్పుడూ రాలేదు కదూ?" అంది ఎర్మీనియా.

ఇదలీనాకు తల దించడానికి కొంత టైము పట్టింది. ఇంక దాచి లాభం లేదు. రాలేదని, ఇక్కడికే కాదు కోటకూ పేనాకూ కూడా వెళ్ళలేదని, గుమ్మంలో అదెలీను నవ్వింది అందుకేనని వరసగా చెప్పేసింది. పెళ్ళి ఇక్కడే జరగాలన్న ఆశతో అబద్ధమాడానంది. పళ్ళెం సంగతి కూడా చెప్పింది. ఎర్మీనియా అంతా విన్నది గాని మొహంలో ఏమీ తెలియనివ్వలేదు.

"కోటకి బస్సుందా?" అని మాత్రం అడిగింది.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నా ఎర్మీనియా చూపు కిటికీ మీదే ఉంది. మలుపు మలుపుకూ మంచు చిక్కబడింది. మొదటి పరిచయంలోనే అబద్ధమాడిన మనిషితో ఎవరు వియ్యమందుతారు, పెళ్ళి పోర్తోకి పోయినట్టేనని ఇదలీనా లెక్క తేల్చుకుంది. కోటగోడ మెట్ల మీద ఎర్మీనియా మోకాళ్ళు పట్టుకుని ఆగింది. ఇదలీనా చెయ్యందిస్తే కాదనలేదు. పైన బురుజు దగ్గర రాతి మీద కూర్చున్నారు. గోడ రెండు వైపులా పదడుగులు కనబడి ఆ తర్వాత మంచులో కరిగిపోయింది.

"మా ఊళ్ళో మీ దక్షిణం వాళ్ళందర్నీ మూర్లంటాం, తెలుసా?" అంది ఎర్మీనియా ఊపిరి అందాక. "ఇవాళ మీ కోట కూడా చూశాను."

"పేగుల కూర తినే పోర్తోవాళ్ళు మమ్మల్ని అనడమే" అంది ఇదలీనా అలవాటుగా. అన్నాక భయపడింది.

ఎర్మీనియా మూతి బిగించింది గాని భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఆ నవ్వు ఆపడం ఆవిడ వల్ల కాలేదు. నవ్వుతూనే సంచిలోంచి కాగితం తీసి ఇదలీనా చేతిలో పెట్టింది. పెన్సిలుతో, పెద్దపెద్ద అక్షరాల్లో, స్కూలు పిల్ల రాసినట్టు ఉంది. మొదటి గది, హంసలు, ఇరవై ఏడు. తర్వాతి గది, మాగ్‌పైలు, నూట ముప్ఫై ఆరు. దాని కింద రాజుల పేర్లు.

"నేను చదివింది నాలుగో తరగతి" అంది ఎర్మీనియా. "బజార్లో చేపలమ్మి కొడుకుని చదివించాను. కాబోయే అత్తగారికి రాజుల సంగతులన్నీ వచ్చు అని తొమే ఒకటే పొగడ్త. మీ ముందు తెలివితక్కువదానిలా కనబడతానని, పక్కింటి టీచరమ్మ దగ్గర కూర్చుని నెల రోజులు బట్టీపట్టాను. ఆ హాల్లో మీరు వసపిట్టలనగానే నాకు చెమటలు పోశాయి. నేనే తప్పు రాసుకున్నాననుకున్నా."

"మరి మెడలు పొడుగన్నారు?"

"కళ్ళకి కనబడేది చెప్పాలి కదా."

పెళ్ళి పోర్తోలోనే అనడానికి కూడా అసలు కారణం చెమ్మ కాదంది. తమవాళ్ళు చేపల బజారు మనుషులు, గట్టిగా మాట్లాడతారు, గట్టిగా నవ్వుతారు. రాజభవనాల్లో పెరిగినవాళ్ళ మధ్య నిలబడి నవ్వులపాలవుతారని ఇన్నాళ్ళూ భయపడింది.

"రాజభవనాల్లోనా?" అంది ఇదలీనా. "మేం వాటి బయట పెరిగాం. లోపల తుడిచేవాళ్ళు కూడా పక్క ఊరి నుంచి వస్తారు."

ఇద్దరూ నవ్విన నవ్వుకు మంచులోంచి ఎవరో తొంగి చూసి వెళ్ళారు. ఇదలీనా కెయిజాదల చుట్ట విప్పింది. ఎర్మీనియా మొదటిది రెండు ముక్కల్లో తినేసింది. రెండోదాని దగ్గర నిదానించి, అంచు ఇంత పలచగా ఎలా వస్తుందని అడిగింది. మూడోది తింటూ మంచులోకి వేలు చూపించింది.

"అటు ఏముంది?"

ఇదలీనా నోరు తెరిచింది. పేనాలో ఎన్ని గదులో, ఏ గోడ పసుపో, ఏది ఎరుపో అన్నీ నాలుక చివరే ఉన్నాయి. నోరు మూసి, మళ్ళీ తెరిచింది.

"పేనా. లోపల ఏముందో నాకు తెలీదు."

ఎర్మీనియా తల ఊపింది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"అయితే ఇలా చేద్దాం. పెళ్ళి శనివారం, మీ గుడిలో. పళ్ళెం నువ్వే మోద్దువుగాని, ఇంకో పక్క నేను పట్టుకుంటా. ఆదివారం పొద్దున రెండు వైపులవాళ్ళమూ కలిసి పేనా చూద్దాం. నువ్వు మాత్రం ఏదీ వివరించకు, ఇదలీనా."

దోన అన్న మాట, మీరు అన్న మాట ఎప్పుడు జారిపోయాయో ఇదలీనా గమనించింది గాని పైకి అనలేదు. మిగిలిన కెయిజాదల్లో పెద్దది తీసి ఆవిడ చేతిలో పెట్టింది.

"సరే, ఎర్మీనియా" అంది.

దిగి వచ్చేసరికి దుకాణం ముందు వరస వీధి మలుపు దాకా ఉంది. జసింతో వాళ్ళిద్దరి మొహాలు మార్చి మార్చి చూశాడు, ఏమీ అడగకుండానే సంగతి గ్రహించి మళ్ళీ పొయ్యి దగ్గరకు పోయాడు. వరసలో ముందున్న ఒక యాత్రికురాలు ఇదలీనాను ఆపి, ఎదుటి భవనంలో తప్పక చూడాల్సింది ఏమిటని అడిగింది.

ఇదలీనా కంటే ముందు ఎర్మీనియా అందుకుంది.

"వంటశాల. కింద నిలబడి తలెత్తి చూడండి. పక్షుల సంగతి మాత్రం ఈవిడని అడక్కండి."