కాటా ఎక్కిన తొంభై ఒక్క కిలోలు

పిండిమిల్లు అత్తది. పెత్తనమూ అత్తదే. మేనకోడలు మాత్రం పంతం పట్టి, బస్తాలు తూచే కాటాకు ఒక తీగ తగిలించి, దాని రెండో కొసను కంప్యూటర్ వెనక సీరియల్ పోర్టులో గుచ్చింది. కాటా మీద అంకె నిలవగానే ఆ బరువు తీగ వెంట వస్తుంది. పైథాన్‌లో ఆమె రాసిన ప్రోగ్రాం దాన్ని చదివి మొత్తానికి కలుపుతుంది.

మొదటిరోజే పరువు పోయింది. తీగ వెంట వచ్చేది ఉత్త అక్షరాలేనని మరిచిపోయి, అంకెలుగా మార్చకుండానే కలపమంది. ప్రోగ్రాం వాటిని పక్కపక్కన అతికించి, లోకంలోని గోధుమలన్నీ ఈ మిల్లులోనే ఉన్నాయని తేల్చింది. అది దిద్దుకుంది సరే, ఇప్పుడేమో అత్త నోటిలెక్క కన్నా రోజూ మూడు బస్తాల పైచిలుకు ఎక్కువ చూపిస్తోంది.

"ఇవాళ కూడా కుదరలేదో, తీగ పీకేస్తా. రేపట్నుంచి మళ్ళీ బస్తాల మూతులు కుట్టుకుందువుగాని," అంది అత్త.

అత్త అన్నదంటే చేసి తీరుతుంది.  ఆ కుట్టే దబ్బనాన్ని చూస్తేనే మేనకోడలికి ఒళ్ళుమంట.

భోజనాల వేళ అందరూ వెళ్ళినా ఆమె తెర ముందు నుంచి కదల్లేదు. మిల్లులో బస్తాలన్నీ పాతిక కిలోలవే. ఉన్నట్టుండి తెర మీద 91.4 అని పడింది. కిటికీలోంచి తొంగి చూస్తే కాటా మీద మావయ్య! చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని నిలబడ్డాడు. ఎనభైకి దిగానని అత్త దగ్గర కోతలు కోసేది ఈయనే.

"పొట్ట లాక్కుంటే బరువు తగ్గదు మావయ్యా."

మావయ్య తేలు కుట్టిన దొంగలా దిగాడు. "మా తల్లివి కదూ, మీ అత్తకి చెప్పకే. తెలిస్తే రాత్రి కూడా పచ్చి ఆకులే పెడుతుంది."

"చెప్పను. యాభై దాటినవి లెక్కలోంచి తీసేస్తా. నువ్వు మాత్రం ప్రోగ్రాం బ్రహ్మాండమని అత్తతో అనాలి."

సాయంత్రం లెక్క చక్కగా కుదిరింది. మావయ్య ప్రోగ్రాంని ఆకాశానికెత్తేశాడు. అత్త కూడా మెత్తబడి, "సరే, ఉండనీ తీగ," అంది. మేనకోడలికి సంతోషంతో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అత్త తెర దగ్గరికి వంగింది. "లెక్కలోకి తీసుకోనివి... తొంభై ఒకటి పాయింట్ నాలుగు. ఇదేం బస్తానే?"

మావయ్య మేనకోడలి వైపు గుడ్లురిమాడు. ఆమె అమాయకంగా కిటికీలోంచి బయటికి చూసింది. లెక్కలోంచి తీసేస్తానంది గానీ, తెర మీంచి తీసేస్తానని అన్లేదు కదా!

అత్త చూపు తెరను వదిలి మావయ్య పొట్ట మీద ఆగింది.

"చెప్పులు విప్పి ఓసారి కాటా ఎక్కండి," అంది.