చిట్టి నడిచిన హద్దు

చింతపల్లిలో దస్తావేజులు రాసే రామారావు చెప్పిన ఖర్చు వినేసరికి చిట్టికి ఒళ్ళు మండిపోయింది. మొగుడు చనిపోతూ వదిలిన కాఫీతోటని కొడుక్కీ కూతురికీ చెరిసగం రాయించాలంటే స్టాంపులకింత, రాతకింత, తిరుగుళ్ళకింత అట! ఆ యేడు కోసిన గింజంతా అమ్మి పోసినా తీరదు.

“నా బూమి నా పిల్లలకిచ్చుకోడానికి మద్దిలో నీకేటి బాబూ పండగ?” అని మొహమ్మీదే అనేసి, జీపెక్కి కొండమీది ఊరికొచ్చేసింది.

ఊళ్ళో ఖర్చులేని దారి ఉండనే ఉంది. ఇచ్చే మనిషి పెద్దల ముందు హద్దు చుట్టి రావాలి. పిల్లలు వెనకాలే రాళ్ళు పాతుకుంటూ రావాలి. పెద్దలు చెప్పింది వీఆర్వో రాసుకెళ్ళి, పాసుపుస్తకాల్లో పేర్లు ఎక్కిస్తాడు. అయ్యేదల్లా ఊరి దేవతకి ఒక కోడి. కాకపోతే ఇచ్చే మనిషిని ఎవరూ పట్టుకోకూడదు, చేతికర్ర కూడా పనికిరాదు. ఆ మనిషి ఎక్కడ కూర్చుంటే పంపకం అక్కడితో సరి. మిగిలిందంతా కొడుకుదే.

చిట్టి కుడి మోకాలు చూస్తే నిరుడు వానల్లో జారిపడి చెడిపోయింది. కూతురు కృపావతికిద్దామనుకున్న చెక్క చూస్తే ఏటవాలు పైన ఉంది. దాని కొసన ఊట. ఆ ఊట లేకపోతే కాఫీపండు కడగడానికి చుక్క నీళ్ళుండవు, తోట ఉండీ లేనట్టే. మొగుడు పోయి పిల్లతో పుట్టింటికొచ్చిన మనిషికి ఉండీ లేని తోటేం చేసుకోవాలి? కొడుకు ఫల్గుణ సరేననీ అనలేదు, కాదనీ అనలేదు. 

“ఆడగుంటకి బూమేటి వదినా? రేపు ఇంకో ఇంటికెళ్తే బూమీ ఎల్లిపోద్ది” అన్నాడు ఊరిపెద్ద సుక్రు. వరసకి మరిది.

“కాఫీ కోసినప్పుడు అది ఆడగుంటని గురుతు రాలేదేం మరిదీ? నడవండి, బేగి” అంది చిట్టి.

ముందు కొడుకు వంతు. చదునునేల, పంటిబిగువున తిరిగేసింది. ఆనక ఎక్కుడు మొదలైంది. చెట్టు పట్టుకోవద్దని ఎవరన్నారు! మిరియం తీగలు పాకిన సిల్వర్ఓక్ చెట్లు పట్టుకుని ఒక్కొక్కటే దాటింది. చెట్లు అయిపోయాయి. మోకాలు కలుక్కుమని మనిషి బోర్లా పడిపోయింది.

“అయిపోనాది వదినా, కూకుండిపోనావు.”

“కూకోలేదు. పడ్డాను. కళ్ళు కనపడతన్నాయా లేదా నీకు?”

లేవబోయింది. కాలు నిలవలేదు. అయితే ఏం! రెండు చేతులూ నేలకానించి పాకడం మొదలెట్టింది. పంపకం అయిపోయిందని రాయబోయిన వీఆర్వో ఆ మొండిఘటాన్ని చూసి కలం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. కృపావతి ఘొల్లుమంది.

“అమ్మా, నాకొద్దే! నీ కాళ్ళు మొక్కుతానే, ఆగే!”

“నోర్ముయ్యే గుంటా. ఏడిస్తే ఎవులిత్తారు? రాయట్టుకుని రా.”

ముందంతా ముళ్ళకంప. ఫల్గుణ గునపం కింద పడేసి, నడుముకున్న కత్తి లాగి గబగబా ముందుకొచ్చాడు. వీడు అడ్డం పడతాడనుకుంది చిట్టి. పడితే వీణ్ణి కూడా దాటిపోవడమే అనుకుంది.

వాడు తల్లి వంక చూడలేదు. వంగి కంప నరకడం మొదలెట్టాడు. నరికింది పక్కకి ఈడ్చి, కొనదేలిన రాళ్ళు కాలితో తోసి, మనిషి పాకేటంత దారి చేసుకుంటూ ఊట దాకా వెళ్ళాడు.

“ఏటి సేత్తన్నావురా?” అని అరిచాడు సుక్రు.

“అమ్మని ముట్టుకోలేదు కదా బాబాయ్.”

చిట్టికి కళ్ళు మసకేశాయి. సంతోషానికో నొప్పికో తెలీలేదు. కొడుకు నరికిన దారిలో పాకి, ఊట దాటి, అవతల గట్టెక్కింది. అన్న గొయ్యి తవ్వితే చెల్లెలు ఆఖరి హద్దురాయి దింపింది.

అప్పుడు చిట్టి తీరుబడిగా ఒళ్ళు సవరించుకుని, కాళ్ళు ఊటనీళ్ళలో పెట్టుకుంది.

“ఇదిగో మరిదీ, ఇప్పుడు కూకున్నాను. రాసుకోమను.”