మాస్టరమ్మ లోపలి గది

మాస్టరమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ కుట్టు షాపులో అందరికీ తెలుసు. లోపలి గది జోలికి వెళ్తే అది నెత్తికెక్కుతుందనీ తెలుసు. ఆ గదిలో ఆమె తండ్రి బట్ట కోతకి నమూనాలుగా కత్తిరించిన అసలు అట్టలు కొక్కేలకు వేలాడుతుంటాయి: చొక్కా వీపు, చేతులు, కాలరు, ప్యాంటు కాళ్ళు. ఒక్కటీ గడప దాటదు. ఏది కుట్టాలన్నా ఆమె దాని అట్టని పల్చటి కాగితం మీద గీసి, కుట్టుకి వదలాల్సిన అంచు కలిపి, ఆ ఆర్డరుకి అక్కర్లేని జేబుల గీతలు కొట్టేసి, ఆ నకలు మాత్రం చిన్న కిటికీలోంచి బయటికి అందిస్తుంది.

షాపు నడిపేది ఆమె అన్నయ్య. అడ్డగోడ కొట్టేస్తే ఇంకో రెండు మిషన్లు పడతాయని అతని లెక్క. అట్టలకి అంతఃపురం దేనికని ఎగతాళి చేసేవాడు. నాన్న ఇలాగే పెట్టాడని తప్ప ఆమె దగ్గర జవాబు లేదు. అది జవాబు కాదని తనకే తెలుసు కాబట్టి ఒళ్ళు మరీ మండేది. ఆదివారం తాపీమేస్త్రీ వస్తున్నాడు, ఈలోగా అట్టలు బయట పెట్టి పని చేసి చూడమన్నాడు అన్నయ్య. పళ్ళు కొరుకుతూ ఆమె అట్టలూ బల్లా బయటికి మార్చింది.

ఇంకేముంది, కొంప మునిగింది. యూనిఫాం చొక్కా నకలు సగం గీసి, ఎవరో పిలిస్తే తల తిప్పిందో లేదో, కుట్టేవాళ్ళు కాగితం లాక్కుపోయి బట్ట కోసేశారు. అంచు కలపలేదు, అదనపు జేబు కొట్టేయలేదు. తయారైన చొక్కాల్లో బొత్తానికీ కాజాకీ మధ్య రెండు వేళ్ళ ఎడం! ఇటు చేతి అట్ట మీద ఎవరో వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే అంచు నల్లబడింది. వంపు పోలేదు కాబట్టి బతికిపోయారు. తండ్రి చేతి కోత అది, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అన్నయ్య కుట్టేవాళ్ళని నాలుగు దులిపి, ఇకనైనా ఒళ్ళు దగ్గర పెట్టుకోమన్నాడే గానీ, గోడ మాట మాత్రం వదల్లేదు.

అప్పుడు లేచింది, మూల కూర్చుని చదువుకుంటున్న మాస్టరమ్మ కూతురు. ఎదుటివాళ్ళకి గుచ్చుకునే ప్రశ్నలు వేస్తుందని షాపులో దాన్ని గుండుసూది అంటారు. జీవశాస్త్రం పుస్తకం ఇంకా చేతిలోనే ఉంది.

“వాళ్ళనని ఏం లాభం మావయ్యా? కాగితం చేతికందితే ఎవరైనా తీసుకుంటారు. మన ఒంట్లో కణం కూడా అందుకే డీఎన్ఏని కేంద్రకంలో పెట్టుకుంది. బయటంతా సందడి, అసలు ప్రతి పాడైతే ఎలా? నకలు లోపలే రాసి, అక్కర్లేని ముక్కలు తీసేసి, సరి చేశాకే బయటికి పంపుతుంది. గోడ లేకపోతే సగం నకలుతోనే పని మొదలైపోతుంది.”

అలా లోపలి గోడ లేని కణాలు లేవా అని అడిగాడు మావయ్య, పట్టు వదలకుండా.

“ఉన్నాయి, బాక్టీరియా. వాటికి కేంద్రకమే లేదు. నకలు రాస్తుండగానే పని మొదలెట్టేస్తాయి. వాటి నకల్లో కత్తిరించాల్సింది దాదాపు ఉండదు, చెల్లిపోతుంది. మా అమ్మ నకలు అలాంటిది కాదు.”

మిషన్లు ఆగిపోయాయి. ఇన్నేళ్ళూ తాను చెప్పలేక మింగిన మాటని కూతురు అందరి ముందూ ఇలా విప్పి పరుస్తుంటే మాస్టరమ్మ గుండె ఉప్పొంగింది. తండ్రి వింటే ఎంత మురిసిపోయేవాడో అనుకుంది. అన్నయ్య చాలాసేపు ఆ బిగుతు చొక్కానే తిప్పి చూశాడు. ఆదివారం మేస్త్రీ సుత్తి పట్టుకొస్తే, గోడ జోలికి పోకుండా ఆ గది తలుపు కీలు బిగించి పొమ్మన్నాడు.

మర్నాడు గుండుసూది కిటికీ దగ్గర నిలబడి, కాలేజీలో మేడమ్ కి చూపించాలి, కాలరు అట్ట ఒక్కరోజుకి ఇవ్వమంది. కుట్టేవాళ్ళంతా తలలెత్తి చూశారు.

“నా కన్నకూతురివైనా సరే, అసలుది ఇవ్వను. నకలు గీసిస్తా,” అంది మాస్టరమ్మ.

“మా అమ్మ ఇచ్చేది నకలేనని మేడమ్ కి మొన్ననే చెప్పేశా.”

మాస్టరమ్మ గబుక్కున అటు తిరిగి, వాడిగా ఉన్న పెన్సిల్నే మళ్ళీ చెక్కసాగింది. అంత గర్వం మొహం మీద కనబడితే రేపట్నుంచి షాపులో తన కోపానికి ఎవరు భయపడతారు?