మేక మేసిన అడివి

నేను ఒక గోనెసంచిని. పుట్టింది జనపనార మిల్లులో. అక్కడ నాలాంటివి రోజూ కట్టలు కట్టలుగా పుడతాయి, కాబట్టి ఆ సంగతి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. మొదట బియ్యం మోశాను. తరవాత ఉప్పు. ఆఖరికి బొగ్గులు. లోపల సరుకున్నంత కాలం మనుషులు మమ్మల్ని భుజానికెత్తుకుంటారు. ఖాళీ అయ్యామా, కాళ్లు తుడుచుకుంటారు. అలాగే నేనూ సముద్రం ఒడ్డు పల్లెలో ఒక అంగన్‌వాడీ గుమ్మం ముందు పడ్డాను.

ఒకనాడు వరాలు టీచరు నన్ను ఎత్తి, కుట్లు విప్పి, ఉతికింది. బొగ్గు మరక ఒకటి మూల నల్లగా ఉండిపోయింది. ఎంత రుద్దినా పోలేదు.

"దీనిమీద అడివి చేద్దాం. తల్లులొచ్చే రోజుకి గోడకి కట్టాలి," అంది పిల్లలతో.

వాళ్లకి సముద్రం తెలుసు గానీ అడివి తెలీదు. అందుకని ముందుగా ఒక పడవ గీశారు. టీచరు పడవని అలాగే ఉండనిచ్చింది. మైదాపిండి లై కాచింది. పిల్లలు మోచేతుల దాకా పూసుకుని, మిగిలింది నాకు పూశారు. దానిమీద చింతాకు, తుమ్మాకు, మునగాకు అంటించారు. కనకరాజు అనే గడుగ్గాయి పసుపు గుడ్డతో పులిని చేశాడు. లై ఆరాలని నన్ను ఎండలో గోడకి ఆనించి, అందరూ అన్నాలకి లోపలికి పోయారు.

పైడమ్మ అనే పిల్లకి ఒక నల్లమేక ఉంది. రోజూ ఆ పిల్ల వెనకాలే వచ్చి గుమ్మం దగ్గర పడుకుంటుంది. పచ్చాకుకి పిండి రాసి ఎదురుగా పెడితే ఏ మేక ఊరుకుంటుంది? మేసింది. పిండి కూడా నాకేసింది. నిజం చెప్పాలంటే, బొగ్గులు మోసిన ఒంటికి ఆ నాలుక హాయిగానే ఉంది.

పిల్లలు కంచాలు కడుక్కోడానికి బయటికి వచ్చేసరికి పడవ, నలిగిన పులి మిగిలాయి.

"నీ మేకే తినీసింది. ఇంక నువ్వు మా అడివిలోకి రాకు," అన్నాడు కనకరాజు. మిగతా పిల్లలు పైడమ్మ పక్కనుంచి కంచాలు జరుపుకున్నారు. పైడమ్మ ఏడవలేదు. మేక చెవి పట్టుకుని ఇంటికి పోయింది.

మర్నాడు గౌను ఒడి నిండా ఏవేవో పోసుకుని వచ్చింది. పాత వల ముక్కలు, కోడి ఈకలు, కొబ్బరి పీచు, చీర అంచులు.

"మళ్లీ లై కాయనా?" అంది టీచరు.

"లై వద్దు టీచరమ్మా. మళ్లీ తినేస్తాది. కట్టీడమే. మా అయ్య వలకి ఏస్తాడే, ఆ ముడి నాకొచ్చు."

టీచరు దబ్బనంతో పురికొస గుచ్చి లాగేది, పైడమ్మ ముడేసేది. నేను పుట్టింది కుట్లకే. లై నాకు ఎప్పుడూ కొత్తే. ఆకుపచ్చ వల తీగలై పాకింది. ఈకలు పిట్టలయ్యాయి. పీచు ఎలుగుబంటయింది. ఆ పిల్ల తల ఎత్తలేదు. ఎవర్నీ పిలవలేదు. కాసేపటికి ఒక పిల్ల వచ్చి నా అంచు పట్టుకుంది. ఇంకొకడు పురికొస అందించాడు. అలా ఒక్కొక్కరే చేరారు, కనకరాజు తప్ప.

వాడు ఓ మూల తన పులిని తనే కట్టుకున్నాడు. అది జారి పడింది. మళ్లీ కట్టాడు. మళ్లీ పడింది.

"ఎలాగే అది?" అన్నాడు ఆఖరికి, ఎటో చూస్తూ.

"నా మేకకి దణ్ణం పెట్టు, చెప్తాను."

"మేకకా?"

"పోనీ, పులిని కిందే పండబెట్టుకో."

కనకరాజు గుమ్మం దాకా వెళ్లి, ఎవరైనా చూస్తున్నారేమోనని చూసుకుని, దణ్ణం పెట్టాడు. అందరూ చూశారు. మేక మాత్రం చూడలేదు. పైడమ్మ వాడి వేలు పట్టుకుని ముడి తిప్పించింది. పులి నిలిచింది.

ఆ తరవాత వాడు నన్ను చాలాసేపు చూశాడు. మూల ఉన్న బొగ్గు మరక మీద చెయ్యి పెట్టాడు. దానికి రెండు చింతగింజల కళ్లు, నల్లగుడ్డ చెవులు కట్టించాడు, పులికి జానెడు దూరంలో.

"పులి పక్కన మేకేంట్రా? తినేయదూ?" అంది టీచరు.

"అడివినే తినీసిన మేక టీచరమ్మా. దానికి పులెంత?"

పైడమ్మ నవ్వింది. అన్నాల వేళ కనకరాజు కంచం ఆ పిల్ల పక్కకి జరిగింది.

ఇప్పుడు నేను గోడమీద ఉన్నాను. తల్లులొచ్చి చూసి, అడివిలో పడవేంటని నవ్వుకున్నారు. మేక రోజూ వచ్చి వల అంచు ఓసారి కొరికి, రుచిలేక వదిలేస్తుంది. నాలో సరుకేమీ లేదు. అయినా ఎవరూ కాళ్లు తుడుచుకోవడం లేదు.